అమ్మానాన్నలను స్లోప్ పాయింట్‌కి తీసుకెళ్ళే ముందు

న్యూజిలాండ్‌లో సౌత్ ఐలాండ్ దక్షిణపు కొసన ఉన్న స్లోప్ పాయింట్‌కి అమ్మానాన్నలను తీసుకెళ్ళొచ్చా అని తిరుపతి, చిత్తూరు వైపు నుంచి కొత్తగా అక్కడి ఇన్వర్‌కార్గిల్, డునెడిన్ ఊళ్ళకు వచ్చిన పిల్లలు తరచుగా అడుగుతున్నారు. మొన్న సెలవులకు తిరుపతి వెళితే తల్లిదండ్రులే ఇంటికొచ్చి అడిగారు, మావాడు ఫోన్లో ఫొటోలు పంపాడు, చెట్లన్నీ ఒకే వైపుకి వాలిపోయి ఉన్నాయే, అక్కడ మేము నడవగలమా అని.

నడవగలరు. కారు ఆపిన చోటి నుంచి 20 నిమిషాలు, గొర్రెలు మేసే పొలం మీదుగా. తిరుమల మెట్లెక్కినవాళ్ళకు అదొక లెక్క కాదు. కానీ అలిపిరి దారిలో దప్పికేస్తే నీళ్ళుంటాయి, కాళ్ళు లాగితే కూర్చోవడానికి నీడ ఉంటుంది, వెనకా ముందూ గోవిందా అంటూ జనం ఉంటారు. ఇక్కడ అవేవీ ఉండవు. కొట్టు లేదు, టీ లేదు, ఒక్కోసారి మనిషే కనపడడు, ఫోన్ సిగ్నల్‌ని నమ్ముకోలేం. అందుకే ఏది కావాలన్నా ఇంటి నుంచే మోసుకెళ్ళాలి, ఏది చూసుకోవాలన్నా ముందే చూసుకోవాలి.

అన్నిటికన్నా ముందు గాలి సంగతి. భూగోళంలో ఆ అక్షాంశాల దగ్గర గాలిని ఆపే నేల చాలా తక్కువ, అందుకే పడమటి గాలులు సముద్రం మీద అడ్డూ అదుపూ లేకుండా తిరుగుతుంటాయి, నావికులు రోరింగ్ ఫార్టీస్ అనేది వాటినే. ఆ చెట్లు కూడా అడవి చెట్లు కావు, గొర్రెలకు కాస్త చాటు ఉంటుందని రైతులు నాటినవి, ఎదుగుతున్నన్నాళ్ళూ సముద్రం వైపు నుంచి గాలి తోస్తూనే ఉంటే అలా ఒకే వైపుకి వంగిపోయాయి. చెట్లనే వంచిన గాలి అని అమ్మకు చెబితే చీర మానేసి ప్యాంటు, షూ వేసుకోవడానికి ఒప్పుకుంటుంది! చున్నీ వద్దు. నాన్నకు చెప్పులు వద్దు, గడ్డి తడిగా ఉంటుంది, గొర్రెల పెంటికలు ఉంటాయి. ఊరి నుంచి మంకీ క్యాప్ తెచ్చుకోమనండి, చెవులకు దాన్ని మించింది లేదు. గొడుగు తేవొద్దు, అక్కడ నిలవదు. కారు దిగేటప్పుడు డోరు రెండు చేతులతో పట్టుకోవాలి, గాలికి ఒక్కసారిగా తెరుచుకుంటే విరుగుతుంది, అద్దె కారైతే ఆ ఖర్చు ఇన్సూరెన్స్‌లో వస్తుందో లేదో కాగితాలు చదివి బయల్దేరండి. దారిలో కంకర రోడ్డు కూడా వస్తుంది, దానికి అనుమతి ఉందో లేదో అప్పుడే చూసుకోండి.

ఇంకొకటి, ఇది నేను గట్టిగా చెప్పాలనుకునేది. మీరు నడిచే దారి ఒక రైతు సొంత భూమిలో ఉంది, దయతో నడవనిస్తున్నారు. సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో గొర్రెలు ఈనే కాలం, అప్పుడు దారి మూసేస్తారు, దసరా సెలవులకని అమ్మానాన్నలకు టికెట్లు తీసేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోవాలి. మూసిన బోర్డు చూసి కూడా ఫొటో కోసం కంచె దాటేవాళ్ళున్నారు. మనుషులను చూసి గొర్రెలు బెదిరి పరిగెడితే అప్పుడే పుట్టిన పిల్లలు తల్లి నుంచి విడిపోతాయి. దయచేసి ఆ పని చేయకండి. మామూలు రోజుల్లో కూడా గేటు ఎలా ఉంటే అలాగే వదలండి, తీగలు ముట్టుకోకండి, కరెంటు ఉండొచ్చు.

కొసన పసుపు రంగు బోర్డు ఉంటుంది, భూమధ్యరేఖ 5,140 కిలోమీటర్లు, దక్షిణ ధ్రువం 4,803 కిలోమీటర్లు అని. అందరూ దేశానికి ఇదే చివర అనుకుంటారు, కాదు, సౌత్ ఐలాండ్‌కి చివర. స్టీవర్ట్ ఐలాండ్ ఇంకా దక్షిణాన ఉంది. ఫొటో కోసం వెనక్కి వెనక్కి నడవకండి, కొండ అంచు నేరుగా సముద్రంలోకి దిగుతుంది.

అంతదూరం పోయి ఆ ఒక్కటే చూసి రావొద్దు. వైపాపా పాయింట్ దీపస్తంభం దగ్గర్లోనే ఉంది. 1881లో తరరూవా అనే ఓడ అక్కడి రాళ్ళకు కొట్టుకుని 131 మంది చనిపోయాక 1884లో ఆ దీపం వెలిగించారు, సముద్రం అక్కడ ఎలాంటిదో దాన్నిబట్టే తెలుస్తుంది, కాళ్ళు తడుపుకుందామని కూడా దిగకండి. క్యూరియో బేలో సుమారు 18 కోట్ల ఏళ్ళ కిందటి అడవి రాయిగా మారి ఉంది, సముద్రం వెనక్కి తగ్గే పాటు సమయంలోనే కనిపిస్తుంది కాబట్టి ఆటుపోట్ల టైమ్ చూసుకుని పోవాలి. టాయిలెట్, కాఫీ అక్కడ దొరుకుతాయి. సాయంత్రం పసుపు కళ్ళ పెంగ్విన్లు సముద్రం నుంచి గూళ్ళకు వస్తాయి. మనం దారికి అడ్డంగా నిలబడితే అవి ఒడ్డుకు రావడానికి భయపడతాయి, గూట్లో పిల్లలు ఆకలితో ఉంటాయి. కనీసం 50 మీటర్ల దూరంలో, కదలకుండా ఉండండి. వాటి సంఖ్య బాగా తగ్గిపోయింది.

ఇన్వర్‌కార్గిల్ నుంచి కారులో సుమారు గంట. పెట్రోలు అక్కడే నింపుకోండి. మనలాగే ఎడమవైపు డ్రైవింగే అయినా ఒకే కారు పట్టే వంతెనలు వస్తాయి, ఎవరు ఆగాలో బాణం గుర్తు చెబుతుంది. పులిహోర, పెరుగన్నం డబ్బాల్లో పెట్టుకుని కారులోనే తినండి, చెత్త వెనక్కి తెచ్చేయండి. డిసెంబరు, జనవరి అయితే రాత్రి తొమ్మిది దాటేదాకా వెలుతురు ఉంటుంది, పెద్దవాళ్ళతో హడావిడి పడక్కర్లేదు.

బయల్దేరే ముందు మెట్‌సర్వీస్‌లో, అంటే న్యూజిలాండ్ వాతావరణ శాఖ సైట్లో, గాలి హెచ్చరిక చూడండి. ఉంటే ఆ రోజు టెన్షన్ పడుతూ వెళ్ళొద్దు, ఇన్వర్‌కార్గిల్‌కి దక్షిణాన ఉన్న బ్లఫ్ అనే రేవు ఊరికి పొండి. స్టేట్ హైవే 1 స్టిర్లింగ్ పాయింట్ దగ్గర అయిపోతుంది, దూరాలు రాసిన స్తంభం పక్కదాకా కారు వెళ్తుంది. మోకాళ్ళ నొప్పులున్న అమ్మకైతే ఏ రోజైనా అదే మేలు.