వార్నింగ్‌లు వస్తున్నాయని పైథాన్ వదిలేయాలా?

ప్రశ్న: సీఎస్ఈ మూడో సంవత్సరం చదువుతున్నాను. సీనియర్లు ఇచ్చిన పాత కోడ్ తీసుకుని, హాస్టల్ మెస్ కూపన్ల కోసం పైథాన్‌లో ఒక చిన్న వెబ్‌సైట్ చేశాను. ల్యాప్‌టాప్‌లో పైథాన్ 3.12 వేసినప్పటి నుంచి, రన్ చేస్తే చాలు డిప్రికేషన్ వార్నింగ్‌లు (ఇది పాతది, వాడకండి, మున్ముందు తీసేయవచ్చు అనే హెచ్చరికలు) వస్తున్నాయి. సైట్ మాత్రం బాగానే పనిచేస్తోంది. వార్నింగ్‌లు ఆఫ్ చేసేయమని ఫ్రెండ్స్ అంటున్నారు. ఆ భాష పాతబడిపోయిందేమో, జావాకు మారమని నాన్నగారు అంటున్నారు. ప్లేస్‌మెంట్స్ ముందు ఇదో టెన్షన్. ఏం చేయమంటారు?

జవాబు: ముందు నాన్నగారి సందేహం తీర్చండి. పాతబడింది పైథాన్ కాదు, అందులోని ఏదో ఒక ఫంక్షన్. జావాకు మారినా ఈ గొడవ తప్పదు. అక్కడా 2017లో వచ్చిన జావా 9లోనే ఫైనలైజ్ మెథడ్‌ను డిప్రికేట్ చేశారు. జావా నేర్చుకోవాలనుకుంటే నేర్చుకోండి, కానీ దానికి ఇది కారణం కాకూడదు.

ఫ్రెండ్స్ సలహా మాత్రం వినకండి. పైథాన్‌లో కలెక్షన్స్ మాడ్యూల్ నుంచి నేరుగా మ్యాపింగ్ అనే క్లాస్‌ను ఇంపోర్ట్ చేసుకోవడాన్ని 2012లో, 3.3 వర్షన్‌లో డిప్రికేట్ చేశారు. 2021లో 3.10 వచ్చినప్పుడు పూర్తిగా తీసేశారు. అన్నేళ్లు గడువిచ్చినా పట్టించుకోని ప్రోగ్రామ్‌లు ఇంపోర్ట్ లైన్ దగ్గరే ఆగిపోయాయి. ప్రతిదానికీ అంత గడువు దొరకదు కూడా. ఇప్పుడు పైథాన్ ఏటా ఒక కొత్త వర్షన్ తెస్తోంది.

మీ కోడ్‌లో 3.12 గోల పెడుతోందంటే, కూపన్ గడువు లెక్కకు యూటీసీనౌ అనే ఫంక్షన్ వాడి ఉంటారని నా అనుమానం. అది యూటీసీ టైమ్ (ప్రపంచమంతటికీ ప్రామాణికమైన టైమ్, మన టైమ్ దానికంటే అయిదున్నర గంటలు ముందుంటుంది) ఇస్తుంది గానీ, ఇది యూటీసీ అన్న గుర్తు దాని మీద ఉండదు. ఆ విలువను టైమ్‌స్టాంప్‌గా, అంటే సెకన్ల లెక్కగా మారిస్తే పైథాన్ దాన్ని లోకల్ టైమ్ అనుకుంటుంది. మన దేశంలో సెట్ చేసిన మెషిన్ మీద లెక్క అయిదున్నర గంటలు వెనక్కి పోతుంది. రాత్రి భోజనం కూపన్ మధ్యాహ్నమే చెల్లకుండా పోతే మెస్‌లో ఎవరికి సమాధానం చెబుతారు? దాని బదులు నౌ ఫంక్షన్‌కు టైమ్‌జోన్ యూటీసీ ఇచ్చి పిలవాలి. అయితే ఒకచోట మార్చి ఇంకోచోట వదిలేస్తే, రెండు టైమ్‌లను పోల్చే లైన్ దగ్గర టైప్ ఎర్రర్ వస్తుంది. డేటాబేస్‌లో ఉన్న పాత కూపన్ల టైమ్‌లతోనూ ఇదే చిక్కు రావచ్చు. అందుకే ముందు టెస్ట్‌లు రాసుకుని, టైమ్ వాడిన చోట్లన్నీ ఒకేసారి మార్చండి.

వార్నింగ్‌లో ఫైల్ పేరు, లైన్ నంబర్ ఉంటాయి, చూడండి. అది సైట్ ప్యాకేజెస్ ఫోల్డర్‌లోని (బయటి లైబ్రరీలు ఉండే చోటు) ఫైల్ అయితే తప్పు లైబ్రరీది. అక్కడ చెయ్యి పెట్టకండి, లైబ్రరీ కొత్త వర్షన్ వేసుకోండి. ఇంకో సంగతి. మీరు ఇంపోర్ట్ చేసుకున్న మాడ్యూల్స్‌లోని డిప్రికేషన్ వార్నింగ్‌లను పైథాన్ మామూలుగా చూపించదు. టెస్ట్‌లను పైటెస్ట్ అనే టూల్‌తో నడిపితే అవీ బయటపడతాయి. అన్నీ సర్దాక, డిప్రికేషన్ వార్నింగ్‌లను ఎర్రర్‌లుగా మార్చే ఆప్షన్ పెట్టి మరోసారి నడపండి. ఏదైనా మిగిలిపోతే ప్రోగ్రామ్ అక్కడే ఆగి చెబుతుంది.

ఇక ప్లేస్‌మెంట్స్ సంగతి. ఉద్యోగంలో చేరగానే చేతికొచ్చేది చాలాసార్లు ఇంకెవరో రాసిన కోడే. మీకు ఆ అనుభవం ముందే దొరికింది. ఈ మార్పులను కొత్త ఫీచర్లతో కలపకుండా గిట్‌లో విడి కమిట్‌గా పెట్టండి. రెజ్యూమెలో 'వార్నింగ్‌లు సరిచేశాను' అని రాస్తే ఎవరూ పట్టించుకోరు. పాత ప్రాజెక్టును పైథాన్ 3.12కు మార్చానని రాయండి. ఎలా మార్చారని అడిగితే ఆ అయిదున్నర గంటల తేడా సంగతి చెప్పండి. అక్కడి నుంచి వాళ్లే ప్రశ్నలు వేస్తారు, కాబట్టి ఇంటర్వ్యూకు ముందు టైమ్‌జోన్‌ల గురించి ఒకసారి గట్టిగా చదువుకుని వెళ్లండి.