వైపరా, కార్వెటా? ముందు 401కె జోలికి వెళ్లకండి

ప్రశ్న: నాకు 41 ఏళ్లు. డాలస్ దగ్గర సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. చిన్నప్పటి నుంచి స్పోర్ట్స్ కార్ల పిచ్చి. 2016 డాడ్జ్ వైపర్ ఏసీఆర్‌కు లక్షా ఎనభై వేల డాలర్లు, 2023 కార్వెట్ జెడ్06కు లక్షా ఇరవై వేలు అడుగుతున్నారు. నా దగ్గర లక్షా ముప్పై వేలు ఉన్నాయి. వైపర్ అయితే 401కె (ఉద్యోగంలో కూడబెట్టుకునే రిటైర్మెంట్ ఖాతా) నుంచి 50 వేలు అప్పు తీసుకుంటాను. దేనికి శక్తి ఎక్కువ? దేని విలువ పెరుగుతుంది? పదేళ్ల తర్వాత హైదరాబాద్ వచ్చేటప్పుడు వెంట తెచ్చుకోవచ్చా?

జవాబు: శక్తి సంగతి ఒక్క ముక్కలో తేలిపోతుంది. వైపర్‌ది 8.4 లీటర్ల వీ10 (పది సిలిండర్ల) ఇంజిన్, 645 హార్స్‌పవర్. జెడ్06ది 5.5 లీటర్ల వీ8 (ఎనిమిది సిలిండర్లు), 670. కాగితం మీద కార్వెట్‌దే పైచేయి. కానీ పాత కార్లు సేకరించేవారు ఈ అంకెలకు డబ్బు పెట్టరు. కార్వెట్‌లోనే 2025లో 1,064 హార్స్‌పవర్‌తో జెడ్ఆర్1 వచ్చి జెడ్06ను మరుగున పడేసింది. వైపర్‌కు ఆ బెడద లేదు. డెట్రాయిట్‌లో అది తయారైన ఫ్యాక్టరీ 2017లో మూతపడింది. గేర్లు చేత్తో మార్చాల్సిందే, ఆటోమేటిక్ అసలు ఇవ్వలేదు. కొత్తవి రావు, ఉన్నవి తగ్గిపోతుంటాయి. దాచుకునే వస్తువుగా చూస్తే నా ఓటు వైపర్‌కే.

అయినా మీరు కొనవద్దనే అంటాను. అదే లక్షా ఎనభై వేలు కారులో కాక వేరే పెట్టుబడిలో ఉండి ఏటా 7 శాతం చొప్పున పెరిగితే పదేళ్లకు దాదాపు మూడు లక్షల యాభై నాలుగు వేలవుతాయి. వైపర్ ధర అంతకు చేరినా, ఆ పెట్టుబడి కంటే మీకు అదనంగా మిగిలేది సున్నా. బీమా, గ్యారేజీ, సర్వీసు కలుపుకుంటే తడిసి మోపెడవుతుంది. పైగా విలువ నిలవాలంటే నడపకూడదు. నడపకుండా ఉంచిన కారుకు పాత టైర్లే ఉండొచ్చు. టైరు పక్కన ‘డాట్’ (DOT) అని మొదలయ్యే నంబరులో చివరి నాలుగు అంకెలు చూడండి. 1916 అని ఉంటే 2016లో 19వ వారం తయారైన టైరు. మైళ్లు తక్కువని అమ్మేవారు మురిపిస్తారు గానీ, ఆ టైర్లతో రోడ్డెక్కితే ప్రాణం మీదికి వస్తుంది.

ఇక 401కె అప్పు. ఉద్యోగం పోయిందనుకోండి. ఆ ఏడాది పన్ను రిటర్ను గడువులోగా బాకీ తీర్చలేకపోతే మిగిలిన మొత్తాన్ని మీరు వాడుకున్నట్టే లెక్కగడతారు. మీ వయసుకు ఆదాయపు పన్నుతో పాటు 10 శాతం జరిమానా కూడా పడుతుంది. సాఫ్ట్‌వేర్‌లో లేఆఫ్‌ల సంగతి మీకు నేను చెప్పాలా?

కార్వెట్ కొన్నా చేతిలో పది వేలే మిగులుతాయి, అదీ చాలదు. ఆరు నెలల ఇంటి ఖర్చు వేరే ఉంచేదాకా ఆగండి. జెడ్06 ఇంకా తయారవుతూనే ఉంది కాబట్టి, ఆగినందుకు ధర దిగే అవకాశమే ఎక్కువ. అప్పుడు కొని, వారం వారం హాయిగా నడుపుకోండి.

హైదరాబాద్ ఆలోచన మాత్రం వదిలేయండి. సొంత వాడకానికి తెచ్చే పాత కారుకు స్టీరింగ్ కుడివైపు ఉండాలి, తయారై మూడేళ్లు దాటకూడదు. ఏది కొన్నా అమెరికాలోనే అమ్ముకుని రావాలి. లాభం వస్తే పన్ను కట్టాలి. నష్టం వస్తే, సొంత వాడకం కారు కాబట్టి, దాన్ని పన్నులో తగ్గించుకోనివ్వరు.