అన్నం మానేసి సన్నబడిపోయిన నాన్నగారికి ఈ వయసులో మళ్ళీ కండ పడుతుందా?

మీరు రాసినదాని ప్రకారం మీ నాన్నగారికి 66 ఏళ్ళు. షుగర్ కోసం అన్నం మానేసి ఆరు నెలల్లో తొమ్మిది కిలోలు తగ్గారు. షుగర్ అదుపులోకి వచ్చింది కానీ తొడలు సన్నబడి మెట్లెక్కలేకపోతున్నారు. కండ మళ్ళీ పడుతుందా, అన్నం మళ్ళీ మొదలుపెట్టించాలా అని అడిగారు.

పడుతుంది. నాకు పట్టింది. నాకిప్పుడు 64. శ్రీకాకుళంలో టీచరుగా చేసి రిటైరయ్యాను.

మీ నాన్నగారు చేసిన తప్పే నేనూ చేశాను. రిటైరైన ఏడాదే షుగర్ బయటపడింది. కొబ్బరినూనె, నిమ్మకాయ నీళ్ళు తాగడం, అన్నం బంద్. ఐదు నెలల్లో 11 కిలోలు తగ్గాను. "ఏం టీచరమ్మా, పెళ్ళికూతురిలా అయిపోయారు" అని వీధంతా మెచ్చుకోళ్ళు. తగ్గినదాంట్లో కొవ్వెంత, కండెంత అని ఎవరూ అడగలేదు. నాకూ తోచలేదు.

తోచింది మా అన్నయ్యగారి గృహప్రవేశంలో. కింద కూర్చోబెట్టి అరిటాకుల్లో వడ్డించాల్సిందేనని మా వదిన పట్టు. గోడకి చేరగిలబడి బాగానే కూర్చున్నాను. అన్నం రాగానే ఆకుకి చెయ్యి అడ్డం పెట్టి, కూరలూ పెరుగూ మాత్రం తిన్నాను. బంతి లేచింది. నేను లేవలేదు. కుడిచెయ్యి ఎంగిలి. ఎడంచెయ్యి నేలకానించి ఒక ఊపు ఊపితే మోకాలు లేచింది గానీ నడుం రాలేదు. రెండోసారి కుచ్చిళ్ళు కాలికింద పడ్డాయి. రెండో బంతివాళ్ళు గుమ్మంలో నిలబడి చూస్తున్నారు. ఆకులెత్తే కుర్రాడు బకెట్ పట్టుకుని సరిగ్గా నా ముందే ఆగాడు. "అత్తా, ఉండు ఉండు" అంటూ మా మేనల్లుడూ వాడి స్నేహితుడూ చెరో చంక కిందా చెయ్యేసి బియ్యం బస్తాని లేపినట్టు లేపారు. అందరితోపాటు నేనూ నవ్వాను. ఇంటికొచ్చేదాకా ఆటోలో మా ఆయనతో ఒక్క మాట మాట్లాడలేదు. ముప్ఫై అయిదేళ్ళు నిలబడి పాఠాలు చెప్పిన కాళ్ళండీ ఇవి.

వయసుతో కండ ఎలాగూ కరుగుతుంది. అరవై దాటాక వేగం పెరుగుతుంది. అలాంటప్పుడు తిండి కోసేసి, ఒంటికి బరువు పని చెప్పకపోతే, ఇల్లు గడవక ఇత్తడి సామాను అమ్ముకున్నట్టు ఒళ్ళు తన కండని తానే అమ్ముకుంటుంది. పొద్దున్నే గంట నడుస్తున్నాం కదా అంటారు అందరూ. నడక గుండెకి మంచిదే, కానీ నడిచి తొడ కండ పెంచుకున్నవాళ్ళని మా పార్కులో నేనింతవరకూ చూడలేదు.

మొదట ఇంట్లోనే మొదలుపెట్టాను. కుర్చీలో రెండు దిండ్లు వేసుకుని, చేతులు ఆన్చకుండా లేచి కూర్చోవడం. ఐదేసి చొప్పున మూడు విడతలు, రోజు విడిచి రోజు. నెలకి ఒక దిండు తీసేశాను, ఇంకో నెలకి రెండోది. తర్వాత గుండెలకి అయిదు కిలోల గోధుమపిండి ప్యాకెట్ హత్తుకుని లేవడం. ఆ తర్వాతే జిమ్. అక్కడి కుర్రాడు నన్ను చూసి, "మీ ఏజ్‌కి జుంబా బావుంటుంది మేడమ్" అన్నాడు, అంటే పాటలకి గంతులెయ్యడం. వెయిట్‌లిఫ్టర్ కరణం మల్లీశ్వరి పెరిగిన ఊసవానిపేట ఇక్కడికి ఎంత దూరం? 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో రెండు రకాల ఎత్తుల్లో 110, 130 కలిపి 240 కిలోలెత్తి కంచు పతకం తెచ్చింది ఆవిడ. ఆ జిల్లాలో కూర్చుని ఆడవాళ్ళకి బరువులెందుకంటాడు! అప్పటికి వాడు పుట్టి ఉండడు, అది వేరే సంగతి. పైగా ఆ పాటల మోత, ప్రొటీన్ డబ్బా కొనమని నస. ఆ పొడులు వద్దని హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థే 2024 సూచనల్లో చెప్పింది.

వయసు గురించి బెంగ పెట్టుకోకండి. 1990లో బోస్టన్‌లో ఒక వృద్ధుల కేంద్రంలో తొంభై ఏళ్ళవాళ్ళ చేత ఎనిమిది వారాలు కాళ్ళతో బరువులెత్తించారు. బలం సగటున 174 శాతం పెరిగింది, తొడ కండ 9 శాతం. పట్టుమని పదిమందే కదా అంటాడు మా అబ్బాయి. పదకొండోదాన్ని నేనున్నాను కదా! ఆ లెక్కలో గమనించాల్సింది ఒకటుంది: బలం ముందొస్తుంది, కండ నెమ్మదిగా వస్తుంది. అద్దంలో చూసుకుని నిరాశపడొద్దని చెప్పండి.

అన్నం సంగతి. నేను మధ్యాహ్నం ఒక కప్పు తింటాను. ఇది లో కార్బ్ (పిండిపదార్థం తక్కువ తినే పద్ధతి) కాదని ఎవరైనా వాదిస్తే వాదించుకోనివ్వండి. అన్నం తీసేసిన చోట ఏం పెట్టామన్నదే నా గొడవ. నా బరువు 58 కిలోలు. కిలోకి గ్రాముకి కాస్త ఎక్కువ చొప్పున రోజుకి 60 నుంచి 70 గ్రాముల ప్రొటీన్ పడేలా చూసుకుంటాను. పొద్దున్న మూడు గుడ్లు, అంటే 18 గ్రాములు. మధ్యాహ్నం చేపో కోడో, గట్టి పెరుగు. రాత్రి పనీరు, లేదా ఉప్మా లేని పెసరట్టు. పప్పు తింటున్నాం కదా అంటారు. మనిళ్ళల్లో గరిటె జారుగా పోసే పప్పులో పప్పెంత, నీళ్ళెంత? ఇక చోడి (రాగి) అంబలి ఉంది, అదేదో అమృతమైనట్టు. కాల్షియం దండిగా ఉంటుంది, ఒప్పుకుంటాను. కానీ పిండిపదార్థంలో చోళ్ళు బియ్యానికి పెద్దగా తీసిపోవు. అన్నం మానేశానని చెప్పి రెండు గ్లాసుల అంబలి తాగేవాళ్ళని చూస్తే ఒళ్ళు మండుతుంది.

ఒక జాగ్రత్త. అన్నం తగ్గించి షుగర్ మాత్ర పాత మోతాదులోనే వేసుకుంటే ప్రమాదం. నాకు రైతు బజారులో వంకాయలు ఏరుతుంటే చేతులు వణికి చెమటలు పట్టాయి. ఇంటికొచ్చి చూస్తే షుగర్ 58కి పడిపోయింది. పంచదార నీళ్ళు తాగి, మర్నాడే డాక్టరుగారి దగ్గరికెళితే మాత్ర సగం చేశారు. నాన్నగారు ఏ మాత్ర వేసుకుంటున్నారో, కిడ్నీ పరీక్ష ఎలా ఉందో ముందు డాక్టరుతో మాట్లాడండి. కిడ్నీలో తేడా ఉంటే నా ప్రొటీన్ లెక్కలు ఆయనకి పనికిరావు.

ఇప్పుడు నేను బార్‌తో కలిపి 40 కిలోలు నేలమీంచి లేపుతున్నాను. 2022లో 25 కిలోల దాకా బియ్యం బస్తాలకి జీఎస్టీ వేశాక 26 కిలోల బస్తాలొచ్చాయి చూడండి, అది ఆటోలోంచి వంటింట్లోకి నేనే తెస్తాను. మా ఆయన తలుపు పట్టుకుంటారు.

ఈ సాయంత్రం నాన్నగారిని చేతులు ఆన్చకుండా కుర్చీలోంచి ఐదుసార్లు లేవమనండి, మీరు పక్కనే ఉండండి. ఎన్నిసార్లు లేచారో కింద రాస్తే ఎన్ని దిండ్లు వెయ్యాలో చెప్తాను.