మ్యాప్‌లో ఎర్రగా ఉంటే ఆ ఏరియాకి వెళ్లకూడదా?

ప్రశ్న: అద్దె ఇల్లు మారాలనుకుంటున్నాం. ఏ ఏరియాలో ఎక్కువమందిని ఇళ్లు ఖాళీ చేయిస్తున్నారో చూపించే మ్యాప్ ఒకటి కనబడింది. మాకు నచ్చిన ఏరియా అందులో ముదురు ఎరుపు! అప్పటినుంచి ఒకటే టెన్షన్. వెళ్లొచ్చా?
– ఒక పాఠకురాలు

జవాబు: రంగు చూసి భయపడకండమ్మా. ఆ రంగు వెనకున్న రేటు (వెయ్యి ఇళ్లకి ఎన్ని ఖాళీ చేయించారన్న లెక్క) దేన్ని దేనితో భాగిస్తే వచ్చిందో ముందు చూడండి, తిరకాసంతా అక్కడే ఉంటుంది. ఉదాహరణకి ఒక ఏరియాలో 20,000 ఇళ్లు, అందులో అద్దెవి 4,000, ఏడాదిలో 60 కుటుంబాలని ఖాళీ చేయించారు అనుకోండి. పక్క ఏరియాలోనూ ఇళ్లు 20,000, కానీ అద్దెవి 16,000, ఖాళీ చేయించింది 120 కుటుంబాలని. మొత్తం ఇళ్ల మీద లెక్కేస్తే మొదటిచోట వెయ్యికి 3, రెండోచోట 6, కాబట్టి మ్యాప్‌లో రెండోదే ఎర్రబడుతుంది. అద్దె ఇళ్ల మీద లెక్కేస్తే? మొదటిచోట 15, రెండోచోట 7.5. అద్దెకుండే మీకు పనికొచ్చేది ఈ లెక్కే, మ్యాపులు గీసేవాళ్లు చాలాసార్లు వదిలేసేదీ ఇదే.

ఇంకోటి, అది ఏ దశ లెక్క? ఉదాహరణకి ఇంగ్లండ్‌లో కోర్టులో వేసిన దావాలు, వచ్చిన ఉత్తర్వులు, ఖాళీ చేయించే వారంట్లు, చివరికి బెయిలిఫ్‌లు (కోర్టు సిబ్బంది) వచ్చి నిజంగా ఖాళీ చేయించిన ఇళ్లు, ఇలా దేనికదే విడిగా లెక్కిస్తారు. దావాలన్నీ చివరిదాకా వెళ్లవు, బాకీ కట్టేసి ఉండిపోయేవాళ్లూ ఉంటారు. మరోపక్క నోటీసు అందగానే గొడవెందుకని సామాను సర్దుకుని వెళ్లిపోయినవాళ్లు ఈ కోర్టు లెక్కల్లోకే రారు.

లోన్ కట్టలేదని బ్యాంకు స్వాధీనం చేసుకునే ఇళ్లది వేరే లెక్క, రెండూ కలిపేసిన మ్యాప్ అయితే పక్కన పెట్టేయండి. (అలాగని అది మనకి అసలు సంబంధం లేనిదీ కాదు, ఓనరు లోన్ ఎగ్గొడితే నెలనెలా అద్దె కట్టినవాళ్లు కూడా ఒక్కోసారి ఇల్లు వదలాల్సి వస్తుంది.)

చిన్న ఏరియాల రేట్లు మరీ ఊగుతాయి. లండన్ నడిబొడ్డున ఉన్న సిటీ ఆఫ్ లండన్‌లో 2021 జనాభా లెక్కల ప్రకారం ఉన్నది సుమారు 8,600 మందే, అలాంటిచోట నాలుగు కేసులు పెరిగినా రేటు అమాంతం ఎగురుతుంది. 2020తో పోల్చి 'ఇన్ని రెట్లు పెరిగింది' అనే మాటా పట్టించుకోకండి, కోవిడ్ అప్పుడు చాలాచోట్ల ఖాళీ చేయించడమే ఆపేశారు కదా.

నన్నడిగితే ఏరియా కన్నా బిల్డింగ్, ఓనరు ముఖ్యం. ఒకే వీధిలో ఒక ఓనరు ఏళ్ల తరబడి ఎవరినీ కదపడు, పక్కాయన ఏడాదికో కుటుంబాన్ని పంపించేస్తాడు. అడ్వాన్స్ ఇచ్చేముందు పక్క వాటావాళ్లని, ఇంతకుముందు ఉన్నవాళ్లు ఎందుకు వెళ్లిపోయారని ఒక్కమాట అడగండి.