స్టీలీ డాన్: 'ఏజా' పట్టకపోతే తర్వాత ఏది వినాలి?

'ఏజా' ఆల్బమ్ మరీ నున్నగా ఉంది, మనసుకు పట్టలేదు, అమెరికన్ రాక్ బ్యాండ్ స్టీలీ డాన్‌ను ఇక వదిలేయాలా అని అడిగారు కదండీ. అప్పుడే వదలకండి. ముందు 1976 నాటి 'ద రాయల్ స్కామ్' పెట్టండి. అందులో గిటార్‌దే పెత్తనం. మొదటి పాట 'కిడ్ షార్లమేన్'లో గిటారిస్ట్ లారీ కార్ల్‌టన్ సోలో వస్తుంది. నాకైతే వాళ్ల రికార్డులన్నిటిలో అంతకు మించిన ఘట్టం లేదు. అది నచ్చితే 1973 నాటి 'కౌంట్‌డౌన్ టు ఎక్స్‌టసీ' వినండి. అప్పటికింకా ఊరూరా కచేరీలు చేసే బ్యాండే, ఆ ఊపు తెలుస్తుంది. ఆ తర్వాత 'ఏజా' టైటిల్ పాట ఒక్కటే హెడ్‌ఫోన్స్‌లో మళ్లీ వినండి. వేన్ షార్టర్ శాక్సఫోన్ సాగుతుంటే స్టీవ్ గాడ్ డ్రమ్స్ ఎలా విరుచుకుపడతాయో గమనించండి. 1980లో వచ్చిన 'గాచో' జోలికి మాత్రం ఇప్పుడే పోకండి, అది ఇంకా నునుపు.