ఏ క్వార్టర్‌బ్యాక్ పరుగు మీద ఎక్కువ ఆధారపడతాడో ఎలా లెక్కిస్తారు?

అమెరికన్ ఫుట్‌బాల్‌లో క్వార్టర్‌బ్యాక్ (బంతిని పాస్ చేస్తూ జట్టు దాడిని నడిపే ఆటగాడు) పాస్‌లతో, పరుగుతో కలిపి సాధించిన మొత్తం యార్డుల్లో పరుగు వాటా ఎంత శాతమో చూస్తే ఇది తేలిపోతుంది. ఎక్కువ యార్డులు పరుగెత్తినవాడే ఎక్కువ ఆధారపడ్డాడని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు, ఎందుకంటే అతను పాస్‌లు కూడా అంతే బాగా వేసి ఉండొచ్చు.

2019లో లమార్ జాక్సన్ పరుగుతో 1,206, పాస్‌లతో 3,127 యార్డులు సాధించాడు. అంటే పరుగు వాటా సుమారు 28 శాతం. 2022లో జస్టిన్ ఫీల్డ్స్ పరుగెత్తింది అంతకన్నా తక్కువే, 1,143. కానీ పాస్‌లతో వచ్చినవి 2,242 మాత్రమే కాబట్టి వాటా దాదాపు 34 శాతానికి చేరింది. ఆధారపడటంలో ఫీల్డ్సే ముందున్నాడు.

యార్డులకు బదులు ఎన్నిసార్లు పరుగెత్తాడో లెక్కపెడితే మాత్రం జాగ్రత్త: ఆధిక్యంలో ఉన్న జట్టు టైమ్ గడపడానికి క్వార్టర్‌బ్యాక్ బంతి పట్టుకుని మోకాలు నేలకు ఆనించినా అది పరుగు కిందే నమోదవుతుంది.