స్క్రీన్ సంగతి తర్వాత, ముందు ఆ చుక్కల మందు ఏమిటో చూడండి

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 43. గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. రాత్రి పిల్లలు పడుకున్నాక లైట్లు ఆపేసి ల్యాప్‌టాప్‌లో సినిమా చూడడం అలవాటు. అరగంటకే కళ్లు మండి ఎర్రబడుతున్నాయి, నుదురు నొప్పి వస్తోంది. మెడికల్ షాపులో ఇచ్చిన చుక్కలు వేసుకుంటే వెంటనే తగ్గుతోంది. నాలుగు నెలలుగా అవే వాడుతున్నాను. ఈమధ్య వీధి దీపాల చుట్టూ రంగుల వలయాలు కనిపిస్తున్నాయి. మా నాన్నగారికి నీటి కాసులు ఉన్నాయి. నా పాత స్క్రీన్ వల్లే ఇదంతా అనుకుంటున్నాను. సినిమాలకు ఓఎల్‌ఈడీ తెర ఉన్న ల్యాప్‌టాప్ కొనాలా, ఐపీఎస్ తెర సరిపోతుందా? బ్లూ లైట్ కళ్లద్దాలు కూడా కావాలా?
– ఒక పాఠకుడు, కూకట్‌పల్లి

జవాబు: మీ ఉత్తరంలో ల్యాప్‌టాప్ కన్నా నన్ను కంగారుపెట్టినవి మూడు మాటలు: నాలుగు నెలల చుక్కలు, దీపాల చుట్టూ వలయాలు, నాన్నగారి నీటి కాసులు (గ్లాకోమా, ఎక్కువగా కంటి ప్రెషర్ వల్ల నరం దెబ్బతినే జబ్బు). ఈ మూడూ ఒకే మనిషిలో కలిస్తే కంటి డాక్టరు ఎవరైనా ముందు కంటి ప్రెషర్ చూస్తారు.

ఆ చుక్కల పేరు మీరు రాయలేదు. వేయగానే ఎరుపు, మంట మాయమయ్యాయంటే అందులో స్టెరాయిడ్ ఉండే అవకాశం ఉంది. సీసా మీద డెక్సామెథాసోన్, బీటామెథాసోన్, ప్రెడ్నిసోలోన్ అన్న పేర్లేమైనా ఉన్నాయేమో చూడండి. యాంటీబయాటిక్‌తో కలిపి వచ్చే చుక్కల్లో కూడా ఇవి ఉంటాయి. స్టెరాయిడ్ చెడ్డ మందు కాదు, మేమూ రాస్తాం. రాసినప్పుడు ఎన్ని రోజులో చెబుతాం, మధ్యలో పిలిచి ప్రెషర్ కొలుస్తాం. అలా చూసేవాళ్లు లేకుండా వాడితే కొందరిలో వారాల్లోనే కంటి ప్రెషర్ పెరుగుతుంది. తల్లిదండ్రులకో తోబుట్టువులకో నీటి కాసులు ఉన్నవారిలో ఈ ప్రమాదం ఎక్కువ. మామూలుగా 10 నుంచి 21 (మిల్లీమీటర్ల పాదరసం లెక్కన) మధ్య ఉండాల్సిన ప్రెషర్ పెరిగి కంటి నరాన్ని నొక్కేస్తుంటే చాలామందికి నొప్పి కూడా తెలియదు. చూపు పక్కల నుంచి తగ్గుతూ వస్తుంది, నరం దెబ్బతిని పోయిన చూపు తిరిగి రాదు. చాలాకాలం వాడితే ఈ చుక్కల వల్లే చిన్న వయసులో శుక్లం కూడా రావచ్చు.

మీకు ఇదే జరిగిందని నేను అనడం లేదు. కంటిని చూడకుండా ఎవరూ చెప్పలేరు, చెప్పకూడదు కూడా. వలయాలకు కళ్లు పొడిబారడం, శుక్లం లాంటి వేరే కారణాలూ ఉంటాయి. కానీ నాన్నగారికి నీటి కాసులున్నాయని తెలిసీ, చదువుకున్న మీరు నాలుగు నెలలు షాపు మందుతో నెట్టుకొచ్చారంటే బాధగా ఉంది. కౌంటర్ దగ్గర ఉండే అబ్బాయికి మీ కంటి నరం కనిపించదు కదండీ. అన్నట్టు, ఇంట్లో పిల్లల కళ్లు ఎర్రబడినప్పుడు అదే సీసా వాడుతుంటే ఇవాళే ఆపండి. పిల్లల్లో ప్రెషర్ ఇంకా త్వరగా పెరుగుతుంది.

ఈ వారం దాటకుండా కంటి డాక్టరుకు చూపించుకోండి. మెహదీపట్నంలోని సరోజినీ దేవి ప్రభుత్వ కంటి ఆసుపత్రి అయినా సరే, మీకు దగ్గరలోది ఏదైనా సరే. ప్రెషర్, కంటి నరం, అవసరమైతే పక్క చూపు పరీక్ష చేస్తారు. కంటిపాప పెద్దది చేసే చుక్కలు వేయకముందే వలయాల సంగతి, నాన్నగారి సంగతి చెప్పండి, అప్పుడు ముందుగా కంటి లోపలి కోణం, అంటే కంట్లోని నీరు బయటికి పోయే దారి, ఇరుగ్గా ఉందేమో చూస్తారు. మీరు వాడుతున్న చుక్కలు ఒక్కసారిగా మానాలా, మెల్లగా తగ్గించాలా అన్నది చూసిన డాక్టరే నిర్ణయించాలి. ఈలోగా కంట్లో తీవ్రమైన నొప్పి, వాంతులు, ఒక్కసారిగా చూపు మసకబారడం ఉంటే వారం దాకా ఆగొద్దు, అర్ధరాత్రి అయినా ఎమర్జెన్సీకి వెళ్లండి.

ఇక స్క్రీన్ సంగతి. 43 ఏళ్లకు చత్వారం మొదలవడం మామూలే. అర మీటరు దూరంలోని తెర మీద చూపు నిలపాలంటే కంటి లెన్స్ రెండు డయాప్టర్ల (లెన్స్ పవర్‌ను కొలిచే ప్రమాణం) పని చేయాలి. మూడు మీటర్ల దూరంలోని టీవీకి అందులో ఆరో వంతు చాలు. పగలంతా ఆఫీసులో కంప్యూటర్ ముందు ఇదే పని చేసిన కంటితో రాత్రి మళ్లీ చేయిస్తున్నారు. మీ నుదురు నొప్పికి కొత్త ల్యాప్‌టాప్ కన్నా సరైన పవర్ కళ్లద్దాలు ఎక్కువ ఉపయోగపడవచ్చు. ఇంట్లో టీవీ ఉంటే హెచ్‌డీఎంఐ కేబుల్‌తో కలుపుకుని దూరంగా కూర్చుని చూడండి, ఖర్చూ తక్కువ. మంటకు కారణం చాలావరకు రెప్ప వేయకపోవడం. నిమిషానికి 15 సార్లు పడాల్సిన రెప్ప తెర ముందు సగానికన్నా తగ్గిపోతుంది, పైగా ఏసీ గాలి.

కొనాలనే ఉంటే ఓఎల్‌ఈడీలో నలుపు నిజంగా నలుపే, ఎందుకంటే అక్కడి పిక్సెల్ ఆరిపోతుంది. సినిమాలు ఎక్కువగా వెడల్పు ఫ్రేమ్‌లో ఉంటాయి కాబట్టి పైనా కిందా వచ్చే పట్టీలు ఐపీఎస్‌లో కాస్త బూడిదగా మెరుస్తాయి, ఓఎల్‌ఈడీలో మెరవవు. కానీ చాలా ఓఎల్‌ఈడీ తెరలు వెలుతురు తగ్గించినప్పుడు కంటికి తెలియనంత వేగంగా ఆరి వెలుగుతుంటాయి. కొందరికి దానివల్ల తలనొప్పి వస్తుంది. మీకు ఇప్పటికే నొప్పి ఉంది, చూసేది చీకట్లో. కాబట్టి షాపులో బ్రైట్‌నెస్ బాగా తగ్గించి కొంతసేపు చూశాకే కొనండి. గదిలో ఒక చిన్న లైటు వెలగనివ్వండి. బ్లూ లైట్ అద్దాలకు డబ్బు పెట్టొద్దు. వైద్య పరిశోధనలను కలిపి విశ్లేషించే కోక్రేన్ సంస్థ 2023లో 17 ట్రయల్స్‌ను కలిపి చూసిన సమీక్షలో, కళ్ల అలసట తగ్గించడంలో వాటికి మామూలు అద్దాల కన్నా చెప్పుకోదగ్గ లాభం కనిపించలేదు.

పరీక్షకు వెళ్లేటప్పుడు ఆ చుక్కల సీసా, దాని అట్టపెట్టె, నాన్నగారి పాత ఫైలు తీసుకెళ్లండి. చుక్కలతో కంటిపాప పెద్దది చేస్తే కొన్ని గంటలు చూపు మసకగా ఉంటుంది కాబట్టి బైక్ వద్దు, తోడుగా ఎవరినైనా రమ్మనండి.